పెరట్లో సీతాకోకచిలుకలకు: కరివేపాకా, జిల్లేడా?

పూలమొక్కలు పెడితే సీతాకోకచిలుకలు వచ్చి తేనె తాగి పోతాయి. అవి మన పెరట్లోనే పుట్టాలంటే గుడ్లు పెట్టే మొక్క ఉండాలి.

కరివేపాకు మీద కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది, లేతాకుల మీద ఒక్కొక్కటిగా. గుడ్డులోంచి వచ్చే చిన్న పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. తెగులనుకుని నలిపేసేవాళ్లే ఎక్కువ. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జంట చాచి ఘాటు వాసన వదులుతుంది. 18 అంగుళాల కుండీ చాలు. చిక్కేమిటంటే, నాలుగు పురుగులు చేరితే చిన్న మొక్క బోడైపోతుంది, పోపుకు రెమ్మ మిగలదు. రెండు మొక్కలు పెట్టి, పురుగులన్నిటినీ ఒకదాని మీదికి మార్చండి. వేపనూనె కొట్టారో, అవి బతకవు.

జిల్లేడు ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకది. నలుపు, తెలుపు, పసుపు పట్టీలుండే దీని పురుగు ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు అంతగా ముట్టవు. మొక్కకు నీళ్లు పెద్దగా అక్కర్లేదు గానీ మంచి ఎండ, నేల కావాలి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. పసుపు పేనుబంక పడితే మందు జోలికి పోకుండా నీళ్లతో గట్టిగా కడిగేయండి, ముందు పురుగుల్ని పక్కకు తీసి.

డాబా మీదైతే కరివేపాకే. గోడవార ఖాళీ జాగా ఉంటే మాత్రం మా ఓటు జిల్లేడుకు.