పాత బుల్లెట్‌కు రెడీమేడ్ వైరింగు కిట్: కొన్ని వానకాలాలు దాటాక

ముందే చెప్పేస్తా. స్పేర్‌పార్ట్స్ దుకాణాల్లో దొరికే రెడీమేడ్ వైరింగు కిట్ పనికిరానిదేం కాదు. అట్లని పెట్టెలోంచి తీసింది తీసినట్టు బిగిస్తే రెండో వానకాలానికే మళ్లీ ట్యాంకు దించాల్సి వస్తుంది. ఈ కిట్లలో తీగకు ఢోకా లేదు, పాడయ్యేవి కొసలు. కొసలు, ఎర్తు (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి), ఫ్యూజు ఈ మూడూ దగ్గరుండి సరిచేయించుకుంటే పెట్టిన పైసలు దండగ కావు.

బండి పోత ఇనుము ఇంజను బుల్లెట్ 350 స్టాండర్డ్. 12 వోల్టులు, ప్లాటినం పాయింట్లు (స్పార్కు ఇచ్చే కాయిల్‌కు కరెంటు కలిపి తెంచే కాంటాక్టులు), నెగెటివ్ ఎర్తు. రోజూ తిరిగేది హనుమకొండ, కాజీపేట మధ్య. పంటల టైములో ఎనుమాముల మార్కెట్ వైపు దుమ్ము, వానలు ముదిరితే హంటర్ రోడ్డు నీళ్లు, మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ, అన్నీ పడ్డది. కిట్ తయారీదారు పేరు రాయను. ఇక్కడి దుకాణాల్లో చేతికొచ్చిన ఈ ధర కిట్లన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి.

లైటు గుడ్డిగా వస్తోందని నేరుగా పోయి కిట్ కొనేవాళ్లు మస్తు మంది. ముందు మీటరు పెట్టి చూడండి. ఇంజను ఆపి, హెడ్‌లైటు వేసి, మల్టీమీటరు ఒక వైరు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు హోల్డరు ప్లస్ పిన్ను మీద పెట్టాలి. అక్కడ కనిపించే వోల్టేజీ అంతా దారిలో పోతున్నదే. తర్వాత బ్యాటరీ మైనస్‌కు, బల్బు ఎర్తు పిన్నుకు మధ్య కూడా అట్లనే కొలవాలి. రెండూ కలిపి అర వోల్టు లోపుంటే వైరింగు జోలికి పోవద్దు. ఒక వోల్టు దాటితే ఏ పక్క ఎక్కువ పోతోందో చూసుకోండి. చాలాసార్లు ఎర్తు పక్కనే దొరుకుతుంది, అప్పుడు రెండు మీటర్ల నల్ల వైరుతో పని అయిపోతుంది, కిట్టే అక్కర్లేదు. 12 వోల్టుల బల్బుకు 10.8 అందితే పోయింది పది శాతమే కదా అనిపిస్తుంది గానీ, వెలుతురు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది.

మొత్తం మార్చక తప్పదనడానికి గుర్తులు వేరే ఉన్నాయి. హ్యాండిలు మెడ దగ్గర వైరును వంచితే పై తొడుగు పెటుక్కున పగలడం ఒకటి. కొస నుంచి రెండంగుళాలు చెక్కినా లోపల రాగి నల్లగానో పచ్చగానో కనిపించడం ఇంకొకటి. దాని మీద సోల్డరు పట్టదు, థింబుల్ (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) నొక్కినా ఫలితం ఉండదు. టేపు విప్పితే వేరే వేరే రంగుల వైర్లు మెలిపెట్టి అతికినవి మూడు నాలుగు బయటపడ్డాయంటే ఇగ ఆలోచించే పని లేదు.

కిట్ కొనేటప్పుడు ప్యాకింగు వదిలేసి ఒక్క పోగును చూడండి. రాగి పూత వేసిన అల్యూమినియం వైర్లు మార్కెట్లో ఉన్నాయి. బ్లేడుతో గీకితే పైన ఎర్రగా, లోపల తెల్లగా వస్తే అది అల్యూమినియం. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, దాన్ని కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. అనుమానం తీరకపోతే సన్న పోగును లైటరు మంటలో పెట్టండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1,085 కావాలి. మొదటిది చూస్తుండగానే కుంగి తెగిపోతుంది. అల్యూమినియానికి అదే మందంలో నిరోధం ఎక్కువ, పైగా సింగిల్ సిలిండరు అదురుకు తొందరగా తెగుతుంది. ఈ కిట్‌లో ఉన్నది రాగే. అందుకే దాని గురించి ఇంత రాస్తున్నది.

మందం సంగతికి వస్తే, మెయిన్ వైరు 1.5 స్క్వేర్ ఎంఎం, మిగతావి ఇంచుమించు 0.75. హెడ్‌లైటుకు ఇది చాలదు. 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది. 0.75 రాగి వైరుకు మీటరుకు సుమారు 0.023 ఓములు. బ్యాటరీ నుంచి అమ్మీటరు, తాళం, డిప్పర్ స్విచ్చి మీదుగా బల్బుకు, అక్కడి నుంచి వెనక్కి కలిపి నాలుగు మీటర్లు అనుకుంటే 0.46 వోల్టు వైరులోనే పోతుంది. ఒక్క జాయింటునూ ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. 1.5 వేస్తే అది సగమవుతుంది. కాబట్టి బ్యాటరీ నుంచి అమ్మీటరు మీదుగా తాళం దాకా 2.5, తాళం నుంచి డిప్పర్‌కు, డిప్పర్ నుంచి బల్బుకు 1.5 విడిగా కొని వేయించాలి. ఇండికేటర్లు, న్యూట్రల్, టెయిల్ లైటుకు 0.75 చాలు. అక్కడ లావు వైరు వేస్తే కప్లరులో (వైర్లను కలిపే ప్లాస్టిక్ సాకెట్‌లో) పట్టదు.

అసలు లోపం పిన్నుల్లో. కిట్‌తో వచ్చే థింబుళ్లు, బుల్లెట్ పిన్నులు (తూటా ఆకారంలో ఉండేవి) చాలావరకు పలచటి ఇనుము మీద మెరుపు పూత. అయస్కాంతం పెడితే అతుక్కుంటాయి. మన వానలకు ఆ పూత ఎంతకాలం ఆగుతుందో చెప్పక్కర్లేదు. అన్నీ కోసేసి ఇత్తడివి వేయాలి. రెండు సైజుల్లో కలిపి నాలుగు డజన్లు తెచ్చుకుంటే కొన్ని మిగులుతాయి. ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడగండి, వేడి తగిలితే వైరు మీద బిగుసుకునే హీట్‌ష్రింకు గొట్టం కూడా అక్కడే తీసుకోవచ్చు.

పిన్నును సోల్డరు చేయాలా, నొక్కాలా అనే దాని మీద మెకానిక్కుల మధ్య వాదన ఎప్పటికీ తెగదు. ఈ బండి మీద నా ఓటు నొక్కడానికే. సోల్డరు కరిగి పోగుల మధ్యకు పాకుతుంది, పాకినంత మేర వైరు పుల్లలా బిగుసుకుంటుంది. ఆ బిగువు ఆగిన చోట అదురంతా చేరి అక్కడే తెగుతుంది. అట్లని కటింగ్ ప్లేయరుతో చదునుగా నొక్కడం క్రింపింగు కాదు. పిన్నుకు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగిని పట్టాలి, వెనక జత తొడుగును పట్టాలి. వెనక జత తొడుగు మీద పడకపోతే అదురు నేరుగా రాగి మీదికి వస్తుంది. దీనికి క్రింపింగు ప్లేయరు వేరే ఉంటుంది, మెకానిక్కు దగ్గర లేకపోతే మీరే కొనుక్కుని తీసుకుపోండి. నొక్కాక ప్రతి పిన్నునూ గట్టిగా లాగి చూడాలి. ఊడేది అక్కడే ఊడిపోనీయండి.

బిగించే ముందు పాత వైరింగును ముక్కలుగా కోసి తీయొద్దు. బ్యాటరీ మైనస్ ముందు విప్పి, ప్రతి కొసకూ చీటీ కట్టి, పొడవంతా ఒకే ముక్కగా బయటికి తీసి కొత్త కిట్ పక్కన నేల మీద పరవండి. ఏ కొమ్మ పొట్టిదో, ఏది పొడుగో అక్కడే తెలిసిపోతుంది. ఈ కిట్‌లో బ్రేక్ లైటు స్విచ్చి కొమ్మ పొట్టిగా ఉంది, ఫ్లాషర్ (ఇండికేటర్లను ఆర్పి వెలిగించేది) కొమ్మ జానెడు ఎక్కువగా ఉంది. రంగులను నమ్మొద్దు. ఏడాదిని బట్టి మారాయి, బండి చేతులు మారినప్పుడు ఇంకా మారాయి. ప్రతి వైరునూ మీటరు బీప్ పెట్టి చూసుకుని కలపాలి.

ట్యాంకు కింద ఫ్రేము గొట్టం వెంట తెచ్చేటప్పుడు సిలిండరు హెడ్డుకు దూరంగా, పై వైపున కట్టాలి. మెడ దగ్గర హ్యాండిలును ఆ చివర నుంచి ఈ చివరకు పూర్తిగా తిప్పుతూ వదులు చూసుకోవాలి. ఎటు తిప్పినా వైరు బిగుసుకోవద్దు, ఫోర్కు మధ్య నలగొద్దు. హెడ్‌లైటు కేసులోకి వైర్లు దూరే రంధ్రానికి రబ్బరు గ్రామెట్ లేకుండా మాత్రం వదలొద్దు. ఆ రేకు అంచు తొడుగును కోసేస్తుంది.

ఎర్తు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బండిని ముస్తాబు చేయించేవాళ్లు ఫ్రేముకు పౌడర్ కోటింగు వేయిస్తారు. అది కరెంటును పోనీయదు. కొత్త వైరింగు, కొత్త బ్యాటరీ, అయినా హారన్ గొంతు పోయినట్టు మూలుగుతుంటే చాలాసార్లు కారణం అదే. హెడ్‌లైటుకు విడి ఎర్తు వైరు లేకపోతే దాని కరెంటు స్టీరింగు బేరింగుల గుండ్ల మీదుగా, గ్రీజు దాటుకుని ఫ్రేములోకి రావాలి. కిట్‌లో దీనికి ఇచ్చింది సన్నటి వైరు, అదీ కేసు లోపలి స్క్రూ దాకే. దాన్ని తీసేసి బల్బు నుంచి బ్యాటరీ మైనస్ దాకా నేరుగా 1.5 నల్ల వైరు వేయండి. ఇంజను బోల్టు ఒకదాని కింద పెయింటు గీకి, బ్యాటరీ మైనస్ నుంచి 2.5 ఇంకొకటి. టెయిల్ లైటుకు మూడోది. ఇంత చేశాక ఇప్పుడు కొలిస్తే ఎర్తు పక్క పోయేది 0.1 వోల్టు లోపే, ప్లస్ పక్క 0.3 దగ్గర ఉంది.

హెడ్‌లైటు కేసు పైన ఉండే అమ్మీటరు చూడముచ్చటగా ఉంటుంది కానీ బండి ప్రాణమంతా దాని రెండు నట్ల మీద ఉంటుంది. బ్యాటరీ కరెంటు దాని గుండానే తాళానికి పోతుంది. నట్టు వదులైతే లైటు, హారన్, ఇంజను అన్నీ ఒకేసారి పడుకుంటాయి. కాసేపటికి గుంత మీద ఎగిరితే మళ్లీ లేస్తాయి. దారిలో ఇట్లా జరిగితే మొదట చూడాల్సింది ఇక్కడే. దానికంటే భయం ఇంకోటి ఉంది. నట్టు ఊడి థింబుల్ రేకుకు తగిలితే, ఫ్యూజు లేని పాత వైరింగులో మొత్తం కాలిపోతుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపలే ఉండాలి. అమ్మీటరు స్క్రూలకు స్ప్రింగు వాషరు వేసి, థింబుళ్ల మీద రబ్బరు తొడుగు ఎక్కించాలి. అమ్మీటరును పీకేసి వైర్లు నేరుగా కలిపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నమ్మకానికి అది మంచిదే, కాదనను. కానీ చార్జింగు పోయిన సంగతి చెప్పేది ఈ బండిలో అదొక్కటే.

కిట్‌తో వచ్చిన ఫ్యూజు హోల్డరు గాజు గొట్టం రకం. లోపలి స్ప్రింగు వేడికి చచ్చి, పట్టు తప్పి, ప్లాస్టిక్ కరిగింది. ఫ్యూజు మాత్రం కాలలేదు. చూసేవాళ్లకు ఫ్యూజు బాగుందనిపిస్తుంది, కరెంటు రాదు. దాని చోట బ్లేడు ఫ్యూజు హోల్డరు వేశాక ఆ గొడవ లేదు. మెయిన్‌కు 15 ఆంపియర్లు, హెడ్‌లైటుకు విడిగా 10. హెడ్‌లైటు 5, కాయిల్ 3 నుంచి 4, బ్రేకు లైటు 1.75, రెండు ఇండికేటర్లు 1.7, హారన్ నొక్కినప్పుడు ఇంకొంత, ఇదీ లెక్క. మాటిమాటికీ కాలుతోందని 30 వేయడం, ఫ్యూజు లేకుండా నేరుగా కలిపేయడం రెండూ ఒకటే.

అంతా కలిపాక మొదటిసారి ఫ్యూజు పెట్టొద్దు. దాని చోట 12 వోల్టుల 21 వాట్ల బల్బును కట్టండి. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కరెంటు లాగి బల్బును వెలిగిస్తుంది, అందుకే పాయింట్ల మధ్య చిన్న కాగితం ముక్క పెట్టండి. తాళం తిప్పాక బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్టు. వెలగకపోతే ఒక్కో స్విచ్చీ వేస్తూ పోండి. పార్కింగు లైటు వేస్తే మినుకుమినుకుమనడం మామూలే. షార్టున్నా ఈ బల్బు రెండు ఆంపియర్లకు మించి పోనీయదు కాబట్టి వైరు కాలదు. అన్నీ సరిగా ఉన్నాక ఫ్యూజు పెట్టి, కాగితం తీసి, కిక్కు కొట్టి, వేగం పెంచి బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య వస్తోందా చూసుకోవాలి. 15 దాటితే చాలావరకు అది వైరింగు తప్పు కాదు, ఆర్‌ఆర్ యూనిట్‌ది (చార్జింగును అదుపు చేసే రెగ్యులేటర్ రెక్టిఫైయర్‌ది).

ఇన్నాళ్ల వాడకంలో ఏది నిలిచిందో, ఏది పోయిందో చెప్తాను. ట్యాంకు కింది వైరు తొడుగు ఇప్పటికీ మెత్తగానే ఉంది, మెడ దగ్గర ఒక్క పగులూ లేదు. పైన చుట్టిన నల్ల పీవీసీ టేపు మాత్రం మొదటి ఎండకాలానికే జిగురు కార్చింది, దాని మీద దుమ్ము చేరి బంకగా తయారైంది. దాన్ని విప్పి గుడ్డ టేపు చుట్టాలి. వెనక మడ్‌గార్డు లోపలి వైరు టైరు చిమ్మే నీళ్లకు, రాళ్లకు ఆగలేదు, రబ్బరు గొట్టంలోంచి తెచ్చాక బాగుంది. ఇండికేటరు కప్లర్లలో పచ్చ చిలుము వచ్చింది. వానకాలానికి ముందు విప్పి, తుడిచి, పిన్నులకు కాస్త వాజ్‌లైన్ రాసి మూస్తే ఏడాది గడుస్తుంది. క్లచ్ పక్క కేసులోంచి వచ్చే స్టేటర్ (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే చుట్టలు) వైర్ల గురించి కిట్ ఏమీ చేయదు, అవి స్టేటరుతో వచ్చేవి. అక్కడి రబ్బరు గట్టిపడితే ఆయిలు పోగుల సందుల్లోంచి పాకి కప్లరు దాకా వస్తుంది. ట్యాంకు దించినప్పుడే ఆ రబ్బరూ మార్చేయండి. వడ్ల బస్తాల పక్కన బండి పెట్టేవాళ్లకు ఎలుకల బెడద వేరే, దానికి ఏ కిట్టూ పూచీ ఇవ్వదు.

కూలీ కిట్ ధర కంటే ఎక్కువే అవుతుంది, పని ఒక రోజంతా పడుతుంది. గంటలో చేసిస్తానన్న మెకానిక్కుకు ఇవ్వొద్దు, పిన్నులు మార్చడు. ఇంత మార్చుకునే బదులు మొత్తం చేత్తోనే అల్లించుకోవచ్చు కదా అంటే, మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దొరికితే అదే మేలు. కానీ కొమ్మలు ఎక్కడ చీలాలో కిట్ ముందే చూపిస్తుంది, అందుకే సగం పని తప్పుతుంది. 6 వోల్టుల పాత బండ్లకు మాత్రం ఈ కిట్ వద్దు. అదే వాట్లకు కరెంటు రెట్టింపు, 35 వాట్ల బల్బే 5.8 ఆంపియర్లు లాగుతుంది. పైగా అక్కడ అర వోల్టు పోతే ఎనిమిది శాతం పోయినట్టు. వాటికి హెడ్‌లైటు దారంతా 2.5తో విడిగా అల్లించాల్సిందే.