నల్లరాతి కొయోల్‌షౌకి, నాపరాతి లింటెల్: నల్లగొండలో ఒక శిల్పశాల పనిపై సమీక్ష

నల్లగొండ శివార్లలో గుడులకు మూలవిరాట్టులు, నందులు, ధ్వజస్తంభ పీఠాలు చెక్కి ఇచ్చే ఒక శిల్పశాలలో మా కళాశాల చరిత్ర విభాగం కోసం రెండు నమూనాలు చేయించాము. ఒకటి ఒకప్పుడు మెక్సికోను ఏలిన అజ్టెక్‌ల దేవత కొయోల్‌షౌకి రాతి చక్రం, రెండవది మెక్సికోలోనే మాయా అనే మరో ప్రాచీన జాతి నగరమైన యాష్చిలాన్‌లోని ఒక లింటెల్ రాయి, అంటే ద్వారం పైన అడ్డంగా వేసే రాయి. ఇలాంటి పని చేయించుకోదలచిన పాఠశాలలకు, కళాశాలలకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట చక్రం గురించి చెప్పాలి. దీని మూలం 1978 ఫిబ్రవరిలో మెక్సికో నగరం నడిబొడ్డున విద్యుత్ కార్మికులు తవ్వుతుండగా బయటపడింది. వ్యాసం సుమారు 3.25 మీటర్లు. అజ్టెక్‌ల పురాణం ప్రకారం కోవాటెపెక్ కొండ మీద ఊడుస్తున్న కోవాట్లిక్వే దేవత ఒక ఈకల ఉండ వల్ల గర్భవతి కాగా, అది అవమానమని కూతురు కొయోల్‌షౌకి నాలుగు వందల మంది సోదరులను వెంటబెట్టుకొని తల్లిని చంపడానికి వస్తుంది. అప్పుడే తల్లి కడుపునుంచి ఆయుధాలతో పుట్టిన విట్సిలోపోచ్ట్లి దేవుడు కొయోల్‌షౌకి తల నరికి, దేహాన్ని కొండ మీదినుంచి కిందికి దొర్లిస్తాడు. అజ్టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్‌లోని మహాలయాన్ని ఆ కొండకు ప్రతిరూపంగా కట్టి, విట్సిలోపోచ్ట్లి గుడి వైపు మెట్ల అడుగున ఈ రాతిని నేలపై పరిచారు. పైన బలి ఇచ్చిన మనిషి దేహాన్ని మెట్ల మీదుగా కిందికి తోసినప్పుడు అది ఈ రాతి దగ్గరికే చేరేది. అంటే ఈ శిల్పం కథను చూపించడానికి చేసిన బొమ్మ కాదు. ప్రతి బలితోనూ ఆ కథ మళ్లీ జరిగే చోటు.

శిల్పశాలవారు రెండున్నర అడుగుల వ్యాసంతో నల్లరాతిలో చెక్కిన ప్రతిలో తెగిన కాళ్లు చేతుల అంచులు, బయటికి పొడుచుకొచ్చిన ఎముకల కొనలు, నడుముకు కట్టిన పాము పటకా, దాని వెనక కపాలం ఎంతో శ్రద్ధగా వచ్చాయి. మోకాళ్ల మీద, మోచేతుల మీద కోరలున్న ముఖాలను కూడా వదలలేదు. తెగిన అవయవాలను చక్రం చుట్టూ గిర్రున తిరుగుతున్నట్లు అమర్చడమే మూలశిల్పి ప్రతిభ. ఆ వేగం ఈ ప్రతిలోనూ తెలుస్తోంది. అయితే చెంప మీద ఉండవలసిన గంటలు వట్టి గుండ్రటి మచ్చలుగా మిగిలిపోయాయి. కొయోల్‌షౌకిని గుర్తుపట్టించేవి ఆ గంటలే కనుక ఇది చిన్న లోపం కాదు. రెండవ లోపం పాలిష్. విగ్రహాలకు పట్టించినట్లే దీనికీ అద్దంలా మెరుపు తెచ్చారు. మూలశిల్పం మెరిసేది కాదు. దాని మీద ఎరుపు, పసుపు వంటి రంగులు పూసేవారు. ట్యూబులైటు వెలుగు పడితే లోతు తక్కువగా ఉన్న గీతలు ఆ మెరుపులో కలిసిపోతున్నాయి.

లింటెల్ రాయిని నాపరాతిలో చేయడం సరైన నిర్ణయం, ఎందుకంటే మూలం కూడా సున్నపురాయే. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఈ రాతి మీద క్రీ.శ. 709 నాటి దృశ్యం ఉంది: రాజు పెద్ద కాగడా పట్టుకొని నిలబడగా, రాణి కబల్ షోక్ మోకరిల్లి ముళ్ల తాడును తన నాలుకలోంచి లాగుతుంది, నెత్తురు బుట్టలోని కాగితాల మీద పడుతుంది. మాయా రాజవంశీకులు దేవతలకు, పూర్వీకులకు తమ రక్తాన్నే అర్పించేవారు. పక్క ద్వారం మీది లింటెల్‌లో మహాసర్పం నోటిలోంచి ఒక యోధుడు దర్శనమిస్తాడు. నాపరాయి పొరలుగా లేచే గుణమున్నది కాబట్టి అక్షరాల అంచులు రెండు చోట్ల విరిగాయి, కానీ రాణి వస్త్రంపై అల్లిక నమూనా ఎంత సన్నగా దిగిందో చూసి మా విద్యార్థులు చేతులతో తడుముతూనే ఉన్నారు.

నా ప్రధానమైన అభ్యంతరం వేరు. శిల్పశాలవారు రెండింటికీ వెనక ఇనుప కొక్కేలు బిగించి, గోడకు తగిలించుకొమ్మని పంపించారు. ఒకటి పైనుంచి కిందికి చూడవలసిన రాయి. రెండవది ద్వారం దాటేవాడు తల ఎత్తితే కనిపించేలా లింటెల్ అడుగు భాగాన చెక్కిన రాయి. రెండింటినీ పటాల్లా ఒకే గోడకు వేలాడదీస్తే చెక్కడం మిగులుతుంది, క్రతువు పోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు శిల్పశాలలో అందరికంటే పెద్దాయన వెంటనే గ్రహించారు. కోవాట్లిక్వే మహావిగ్రహానికి ఎవరికీ కనిపించని అడుగు భాగంలో భూదేవత త్లాల్‌టెకుత్లి రూపం చెక్కి ఉందని నేను చెబితే, "మన దగ్గర పీఠం కింద యంత్రం పెడతం కద సార్, అట్లనా?" అని అడిగారు. చూసేవారి కోసం కాకుండా నేల కోసం చెక్కే పని ఒకటుంటుందని ఆయనకు నేను వివరించవలసిన అవసరమే రాలేదు. వారు కొక్కేలు తీసేసి, రంధ్రాలు పూడ్చి, చక్రం అడుగును చదును చేసి ఇచ్చారు. అందుకు అదనంగా ఏమీ తీసుకోలేదు. ఇప్పుడు చక్రం మెట్ల అడుగున నేల మీద ఉంది, లింటెల్‌ను తలుపు పైన ఇనుప కమ్మీల మీద బోర్లించాము.

ఇంత పనితనానికి వారు తీసుకున్న ధర న్యాయమైనదే. ఆర్డరు ఇచ్చేవారు మొత్తం శిల్పం ఫోటో ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా, ముఖం, ఆభరణాలు, కీళ్లు విడివిడిగా దగ్గరినుంచి తీసిన ఫోటోలు కూడా ఇవ్వాలి. పాలిష్ వద్దని, ఉలి గుర్తులు అలాగే ఉంచమని ముందే చెప్పాలి. ఆ రాయి ఎక్కడ ఉండబోతోందో, మనిషి దానిని ఏ వైపునుంచి చూస్తాడో కాగితం మీద గీసి ఇస్తే, ఈ శిల్పులు లోతును దానికి తగ్గట్టు చెక్కగలరు.