పన్నెండేళ్లుగా నా కారులో యోతు యిండి ‘ట్రైబల్ వాయిస్’

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఆస్ట్రేలియా బ్యాండ్ యోతు యిండి చేసిన ఈ ఆల్బమ్ సీడీని సెకండ్‌హ్యాండ్ షాపులో రెండు డాలర్లకు కొన్నాను. కొన్నది ‘ట్రీటీ’ పాట కోసమే. 1988లో ఉత్తర ఆస్ట్రేలియాలోని బరుంగాలో, దేశంలోని ఆదివాసులతో ఒప్పందం చేసుకుంటామని అప్పటి ప్రధాని బాబ్ హాక్ మాటిచ్చారు. ఆ మాట నిలబడలేదు. ఆ కోపంలోంచి పుట్టిన పాట అది. డాన్స్ రీమిక్స్ వచ్చాకే దేశమంతా మోగి, చార్టుల్లో 11వ స్థానం దాకా వెళ్లింది. నాకు మాత్రం ఆల్బమ్‌లోని అసలు పాటే ఇష్టం. రీమిక్స్‌లో ఆ నిలదీత చాలావరకు ఎగిరిపోయింది.

బ్యాండ్‌ది ఆర్నెమ్ ల్యాండ్‌లోని యిర్కలా అనే ఊరు, అదీ ఉత్తర ఆస్ట్రేలియాలోనే. గాయకుడు మండావుయ్ యునుపింగు అక్కడి బడికి హెడ్‌మాస్టర్‌గా చేశారు. ఆల్బమ్ 1991లో వచ్చింది.

రాక్ పాటల మధ్యలో వాళ్ల తాతల నాటి చిన్న పాటలు వస్తాయి. మొదటిదే టేకు చేప మీద. మొదట్లో అవి రాగానే బటన్ నొక్కి దాటేసేవాణ్ణి. ఒకరోజు ప్లేయర్‌లో ఆ బటన్ పాడైంది. ఇక దారి లేక విన్నాను. అదే నా అదృష్టం.

ఆ పాటల్లో మోగే యిడకి అంటే చెదలు లోపల తొలిచేసిన యూకలిప్టస్ కొమ్మతో చేసిన, ఊదే వాద్యం. తంబురాలా శ్రుతి ఇస్తుందనుకున్నాను. కాదు, లయ నడిపేది కూడా అదే. బుగ్గల్లోని గాలిని ఊదుతూనే ముక్కుతో ఊపిరి పీలుస్తారు, అందుకే నాదం తెగదు. పైన బిల్మా అనే తాళం కర్రలు టక్, టక్‌మని పడతాయి. నా కారు స్పీకర్లు మామూలువే, అయినా ఆ దెబ్బ ఎంత స్పష్టంగా వినిపిస్తుందో! ఇప్పుడు గిటార్ పాటల్లోనూ నా చెవి ముందు ఆ కర్రల్నే వెతుక్కుంటుంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. కీబోర్డు మోత, డ్రమ్ముల మెరుగు ఆనాటివని ఇట్టే తెలిసిపోతుంది. ‘మై కైండ్ ఆఫ్ లైఫ్’ ఇన్నేళ్లయినా నాకు ఎక్కలేదు. ‘జపానా’ మాత్రం సాయంత్రం డ్రైవింగ్‌లో వినాల్సిందే, సూర్యాస్తమయం పాట అది.

ఆ చిన్న పాటల పద్ధతిలో ఒకటుంది. కర్రలు, యిడకి ఆగిపోయాక కూడా గొంతు ఒక్కటే ఇంకాసేపు సాగుతుంది. ఇల్లు చేరినా ఆ గొంతు ఆగేదాకా నేను కారు దిగను.