ఆరేళ్లుగా వాడుతున్న 50 వాట్ల ఛార్జర్

ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే బొమ్మ) కారు కొనేముందు మోటారు గురించీ టైర్ల గురించీ నెల రోజులు చదివాను. ఛార్జర్ గురించి పది నిమిషాలు కూడా ఆలోచించలేదు. కారు పెట్టెలోనే ఒకటి వచ్చింది. ఎర్ర లైటు వెలిగితే ఎక్కుతున్నట్టు, పచ్చ లైటు వెలిగితే నిండినట్టు, అంతే. 5000 ఎంఏహెచ్ 2ఎస్ లైపో, అంటే రెండు సెల్స్ వరసగా కలిపిన లిథియం పాలిమర్ బ్యాటరీ ప్యాక్, నిండడానికి ఆరు గంటల పైనే పట్టేది. మూడు నెలలకు ప్యాక్ ఉబ్బిపోయి కారులో దూరడం మానేసింది. మీటరు పెట్టి చూస్తే ఒక సెల్ 4.28 వోల్టులు, రెండోది 4.08. రెండూ కలిపితే 8.36, పైకి అంతా బాగానే ఉన్నట్టే! కానీ లైపో సెల్ ఏదైనా 4.2 దాటకూడదు. ఆ ఛార్జర్ రెండు సెల్స్‌ను విడివిడిగా చూడటమే లేదు.

తర్వాత కొన్నదే ఇప్పటికీ వాడుతున్నాను. చిన్న స్క్రీను, నాలుగు బటన్లు, నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టుకోవచ్చు. ప్యాక్‌లో ప్రతి సెల్‌కూ కలిసి ఉండే సన్న తీగల బ్యాలెన్స్ వైరు తగిలిస్తే ఒక్కో సెల్ వోల్టేజ్ విడిగా చూపిస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క ప్యాక్ కూడా దీని మీద ఉబ్బలేదు.

కొనేటప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటుంది. పెట్టె మీద 6 ఆంప్స్ అని చూసి మురిసిపోయాను, పక్కనే ఉన్న 50 వాట్లను పట్టించుకోలేదు. 2ఎస్ ప్యాక్‌కు 8.4 వోల్టుల దగ్గర 5 ఆంప్స్ అంటే 42 వాట్లు, సరిపోతుంది. 3ఎస్ కొన్నాక అసలు విషయం తెలిసింది. 12.6ను 5తో గుణిస్తే 63. ఛార్జర్ తనంతట తానే 4 ఆంప్స్ దగ్గరికి దిగిపోతుంది. ప్యాక్‌కు నష్టమేమీ లేదు, మనకే ఆలస్యం.

నన్ను నిజంగా విసిగించింది మాత్రం డిశ్చార్జ్. లైపోను నిండుగా రోజుల తరబడి ఉంచకూడదు, సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచాలి. ఆదివారం వాన పడి ఆట ఆగిపోయిందనుకోండి, రెండు నిండు ప్యాకులు మిగిలిపోతాయి. ఒక్కో దానిలో 37 వాట్-అవర్లు, అందులో సగం తీసేయాలి. ఈ ఛార్జర్ డిశ్చార్జ్ చేసేది 5 వాట్లే. అంటే ప్యాక్‌కు మూడున్నర గంటల పైమాటే, రెండింటికీ రాత్రంతా జాగారం! ఇప్పుడు బైకు ఇండికేటర్ బల్బొకటి తగిలించి, బ్యాలెన్స్ వైరుకు బజ్జర్ పెట్టి 3.8 దగ్గర మోగేలా సెట్ చేస్తున్నాను. మోగగానే తీసేస్తాను. పక్కన మనిషి లేకుండా ఈ పని చేయకండి.

మా అబ్బాయి పాత కారుకు 7.2 వోల్టుల నిమ్ (నికెల్ మెటల్ హైడ్రైడ్) ప్యాక్ ఉంది. దానికి మరీ తక్కువ కరెంటు పెడితే, నిండినప్పుడు వోల్టేజ్ కాస్త జారే ఆ గుర్తును ఛార్జర్ పట్టుకోలేదు, ప్యాక్ వేడెక్కిపోతుంది. అంతకన్నా ముఖ్యం, నిమ్ మోడ్‌లో ఉండగా లైపో తగిలించకూడదు. ఒకసారి మా బావమరిది స్టార్ట్ నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. మంటలు లేస్తాయిరా బాబూ అంటే నమ్మలేదు. అప్పటి నుంచి ఛార్జింగ్ అంతా బాల్కనీలోనే, ప్యాక్ ఖాళీ మట్టి కుండీలో.

నాలుగో ఏడాది ఫ్యాను గరగరమంది. కోఠి గుజరాతీ గల్లీలో అదే సైజుది దొరికింది, అరగంట పని. స్క్రీను ఎండలో సరిగా కనబడదు. సెల్ రెసిస్టెన్స్ చూపించే మెనూను మొదట్లో తెరిచిందే లేదు. ఒక ప్యాక్‌తో కారు నీరసంగా పోతోందని చూస్తే ఒక సెల్ 6 మిల్లీఓమ్‌లు, రెండోది 17. ఈ అంకె పెరిగితే సెల్ నీరసించినట్టే. కారణం అక్కడ దొరికింది, మోటారును అనవసరంగా తిట్టుకున్నాను.

ఒకటే కారు, 2ఎస్ ప్యాకులే అయితే ఇంత ఛార్జర్ చాలు. 3ఎస్ పైన అయితే 100 వాట్లకు తగ్గొద్దు. కాకపోతే 200 వాట్లని రాసి ఉండే చిన్న డబ్బాలు చాలావాటికి గోడ ప్లగ్గు ఉండదు. ఇంట్లో పడున్న 12 వోల్టుల 5 ఆంప్స్ అడాప్టర్ పెడితే 60 వాట్లకు మించి రావు. పవర్ సప్లై ఖర్చు కూడా కలిపే ధర చూసుకోండి.

ఈ మధ్య నాకు 4ఎస్ బండి మీద కన్ను పడింది. దీనితో అయితే 3 ఆంప్స్ కూడా రావు, ఒక్క ప్యాక్‌కు రెండు గంటలు. రెండు ప్యాకులు ఒకేసారి పెట్టుకునేది చూస్తున్నాను. ఈ పాత ఛార్జర్ మా అబ్బాయి నిమ్ ప్యాక్‌కు ఉంటుంది.