కేటాయింపుల బిల్లును విప్పి చెప్పే కోర్సు: ఒక సమీక్ష

అమెరికాలో కార్మిక, ఆరోగ్య, విద్యా శాఖలకు ఏటా నిధులిచ్చే బిల్లుపై ఒక ఆన్‌లైన్ కోర్సును ఇటీవల పూర్తి చేశాను. కాంగ్రెస్ ఏటా చేపట్టే 12 కేటాయింపుల బిల్లులలో ఇదొకటని, కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబరు 1 నాటికి అది గట్టెక్కకపోతే తాత్కాలిక తీర్మానంతో, సాధారణంగా పాత స్థాయి ఖర్చుతోనే, నెట్టుకురావలసి వస్తుందని ఓపికగా వివరించారు. అన్నింటికంటే నచ్చింది ముందస్తు కేటాయింపుల పాఠం, అంటే తర్వాతి ఆర్థిక సంవత్సరంలో అందే నిధులను ఈ ఏటి బిల్లులోనే కేటాయించడం. పేద విద్యార్థులు ఎక్కువగా ఉన్న బడులకిచ్చే టైటిల్ 1 నిధులలో కొంత జులై 1న, మిగిలినది అక్టోబరు 1న అందుబాటులోకి వస్తుందని బిల్లులోని వాక్యాన్నే తెరపై పెట్టి చూపించారు. వృద్ధుల ఆరోగ్య బీమా పథకం మెడికేర్ వంటి తప్పనిసరి వ్యయాన్ని (ఏటా బిల్లు అక్కర్లేకుండా చట్టం ప్రకారం సాగిపోయే ఖర్చును) మాత్రం రెండు నిమిషాల్లో దాటవేశారు. ఫెడరల్ ఖర్చులో సింహభాగం అటువైపే ఉన్నప్పుడు ఇది చిన్న లోపం కాదు. ఇక కోర్సులోని పట్టికలను ఫోన్‌లో చదవాలంటే భూతద్దం కావలసిందే.