గుంటూరు నీళ్లతో ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్, ఆరేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఫ్రంట్ లోడ్ మెషిన్ నాకు బాగా నచ్చింది, మళ్లీ కొనాల్సొచ్చినా అదే కొంటా. కాకపోతే షాపుకెళ్లి ఎన్ని కిలోలు, ఎన్ని స్టార్లు, ఎన్ని ప్రోగ్రాములు అని అడిగే ముందు మీ ఇంట్లో కుళాయికి ఏ నీళ్లు వస్తున్నాయో, ట్యాంకు ఎంత ఎత్తున ఉందో చూస్కోండి, మెషిన్ నాలుగు కాలాలు నిలబడుద్దా లేదా అనేది సగం అక్కడే తేలిపోద్ది. షాపులో ఈ ముక్క అడిగినోళ్లని నేనైతే చూళ్లేదు.

మాది 2019లో తీసుకున్న 7 కిలోల మెషిన్, హీటర్ ఉన్నది. అత్తయ్య మామయ్యలతో కలిపి ఐదుగురం. మా ఆయనది మిర్చి యార్డులో పని. సీజన్లో ఆ చొక్కాలు ఎలా ఉంటాయో యార్డు మనుషులున్న ఇళ్లలో చెప్పక్కర్లేదు, వసారాలో దులిపితే వంటింట్లో దగ్గొస్తది. చేత్తో ఉతికిన రోజుల్లో పడుకునేదాకా చేతులు మండేవి, పొరపాటున ఆ చేత్తో కళ్లు తుడుచుకుంటే ఇంక అంతే. మిరపకాయ ఘాటు నూనెలో కరిగేది గానీ చన్నీళ్లలో కరగదు, అందుకే ఎన్నిసార్లు జాడించినా మంట వదలదు. ఇప్పుడు వాటిని బయటే బాగా దులిపి, పాప బట్టల్లో కలపకుండా విడిగా 40 డిగ్రీల్లో వేసి, జాడింపు ఇంకోసారి ఎక్కువ పెడతా, శుభ్రంగా వచ్చేస్తన్నాయి. ఆవకాయ నూనె మరకలు కూడా గోరువెచ్చని నీళ్లకే లొంగుతాయి. ఈ ఒక్కదానికే హీటర్ ఉన్నది తీసుకోమంటా.

అయితే ఆ హీటర్‌కే మన బోరు నీళ్లు శత్రువు. మా ఇంట్లో మున్సిపాలిటీ కృష్ణా నీళ్లు సంపులోకి, బోరు నీళ్లు పై ట్యాంకులోకి వెళ్తాయి, మెషిన్ మొదట్లో బోరు లైన్ మీదే ఉండేది. వారంటీ అయిపోయిన కొన్నాళ్లకి నీళ్లు వేడెక్కడం ఆగిపోయింది, మెకానిక్ వచ్చి హీటర్ బయటికి తీసి చూపిస్తే ఆ రాడ్డు కనపడకుండా తెల్లగా సున్నం గడ్డకట్టేసింది. నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వేడి తగిలేకొద్దీ పేరుకుంటాయి, అందుకే అన్నిటికంటే ముందు పోయేది హీటరే. ఇంకోటి, టీడీఎస్ మీటర్ పెట్టి చూసి పర్లేదు అనుకోవద్దు, అది నీళ్లలో లవణాలన్నీ కలిపి చూపిస్తది, కఠినత్వం, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో విడిగా పరీక్ష చేయించాలి. తాగే నీళ్ల కఠినత్వానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన లెక్క లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. బకెట్ల అంచుకి తెల్లగా పట్టడం, సబ్బు నురగ రాకపోవడం ఉంటే పరీక్ష దాకా వెళ్లకుండానే మీ నీళ్లు గట్టివని అర్థం.

మేం తర్వాత సంపు నుంచి చిన్న సింటెక్స్ ట్యాంకు పైకెక్కించి మెషిన్‌కి కృష్ణా నీళ్లే ఇచ్చాం, ప్లంబర్ ఖర్చు అయింది గానీ హీటర్ మళ్లీ మార్చలేదు. ఆ వీలు లేనోళ్లు మాన్యువల్ చూసుకుని అప్పుడప్పుడు ఖాళీ డ్రమ్ములో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి 60 డిగ్రీల్లో తిప్పండి. దాంతోపాటు బ్లీచింగ్ మాత్రం అస్సలు కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వచ్చి ఊపిరాడదు, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

ట్యాంకు ఎత్తు సంగతి. మాన్యువల్లో నీళ్ల ప్రెషర్ కనీసం 0.3 బార్ అనో 0.5 బార్ అనో ఉంటది, 0.3 అంటే నీళ్ల మట్టం కుళాయి కంటే సుమారు 10 అడుగులు పైన ఉండాలన్నమాట. కింద వాటాలో ఉన్నోళ్లకి ఇబ్బంది లేదు, పై వాటాలో ఉండి నెత్తి మీదే ట్యాంకు ఉన్నోళ్లకి మాత్రం నీళ్లు సన్నగా వచ్చి మెషిన్ మధ్యలో ఆగిపోద్ది, అప్పుడు ప్రెషర్ పంపన్నా పెట్టించాలి, లేకపోతే టాప్ లోడ్ చూస్కోవాలి. వంగడం కష్టమైన పెద్దోళ్లే బట్టలు వేసే ఇంట్లోనూ టాప్ లోడే మేలు, మా అత్తయ్యకి స్టాండు ఎత్తు పెట్టించాకే కుదిరింది.

కరెంటు గురించి భయపడక్కర్లేదు. హీటర్ ఇంచుమించు 2000 వాట్లు లాగుద్ది కాబట్టి 16 యాంప్స్ సాకెట్, సరైన ఎర్తింగు ఉండాలి, అంతే. ఏప్రిల్, మే నెలల్లో మన ట్యాంకు నీళ్లే కాగిపోయి వస్తాయి, అప్పుడు నేను హీటర్ జోలికే పోను.

"మోటారుకి పదేళ్ల వారంటీ" స్టిక్కర్ చూసి మురిసిపోకండి. మోటారు అంత తేలిగ్గా పోదు, పోయేవి సర్క్యూట్ బోర్డు, హీటర్, డ్రెయిన్ పంపు, డోర్ లాక్, తలుపు దగ్గర రబ్బరు. వీటికి ఎన్నేళ్లు, మీ పేటకి సర్వీసు ఎక్కడినుంచి వస్తారు, ఇవి అడగండి. ఆ రబ్బరు మడతల్లో నీళ్లు నిలిచి నల్లగా బూజు పట్టుద్ది, ఉతికాక పొడి గుడ్డతో తుడిచి తలుపు ఓరగా తీసి ఉంచితే మాకు రాలేదు. అడుగున ఎలుకలు దూరకుండా జాలీ కూడా బిగించమనండి, ఎలుకలు వైర్లు కొరికితే వారంటీ రాదు.

2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గిందని మెషిన్ల మీద కూడా ఆఫర్ అన్నట్టు చెప్పేవాళ్లున్నారు, ఆ తగ్గింపు ఏసీలకి, పెద్ద టీవీలకి, డిష్‌వాషర్లకి. వాషింగ్ మెషిన్‌కి 2018 జూలై నుంచీ 18 శాతమే, కాబట్టి ఆ పేరు చెప్పి తొందరపెడితే ఇంకో రెండు షాపుల్లో రేటు కనుక్కోండి.