పి.ఐ.డి.-5 ప్రశ్నావళి: ఆరేళ్లుగా వాడుతున్నాక నా అభిప్రాయం

వ్యక్తిత్వ రుగ్మత ఉందేమోనన్న అనుమానం కలిగినప్పుడు, క్లినికల్ సైకాలజిస్టుగా నేను ఆరేళ్లుగా ఎక్కువగా వాడుతున్నది పి.ఐ.డి.-5 (పర్సనాలిటీ ఇన్వెంటరీ ఫర్ డీఎస్‌ఎం-5). 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం మూడో విభాగంలో, వ్యక్తిత్వ రుగ్మతలను లక్షణాల కొలతతో చూసే ప్రత్యామ్నాయ నమూనా కోసం తయారైన ప్రశ్నావళి ఇది. పేరుకు ప్రశ్నావళే గానీ ఇందులో ఉండేవి మనిషి తన గురించి తాను చెప్పుకునే 220 వాక్యాలు. ఒక్కో వాక్యం తనకు ఎంతవరకు నిజమో చూసుకుని 0 నుంచి 3 వరకు ఒక అంకె చుట్టూ గీత గీయాలి. మన దగ్గరికి వచ్చేవారి కోసం ఉచితంగా వాడుకోవచ్చు. ఖరీదైన పరీక్షలు ఎన్నో ఉన్న ఈ రంగంలో అది చిన్న సౌకర్యం కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది, ఇది మనిషికి ఒక రోగం పేరు తగిలించి పంపదు. 25 లక్షణాలను విడివిడిగా కొలిచి, వాటిని ప్రతికూల భావోద్వేగాలు, మనుషులకు ఎడంగా ఉండటం, విరోధభావం, నిగ్రహలేమి, అసాధారణ ఆలోచనలు అనే ఐదు కోవల్లో చూపిస్తుంది. 'నాకేదో పెద్ద పేరున్న జబ్బు ఉందంటారేమో' అని బెదిరి వచ్చినవారితో మాట్లాడటానికి ఈ పద్ధతి ఎంతో అనువుగా ఉంటుంది.

ఒక యువతి విషయం చెబుతాను. ఒంటరితనం గురించిన ఒక వాక్యం దగ్గర ఆమె మొదట 3 చుట్టి కొట్టేసింది. తర్వాత 1 చుట్టి అదీ కొట్టేసి, చివరికి 2 దగ్గర ఆగింది. లెక్క ప్రకారం అది 2, అంతే. నేను కాగితం ఇద్దరి మధ్యా పెట్టి, "ఇక్కడ ఎందుకు ఇంత ఆలోచించారమ్మా?" అని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఎవరూ లేకపోతే భయం లేదండీ. ఉన్నవాళ్లు లేచి వెళ్లబోతుంటే భయం." అంతకుముందు నాలుగుసార్లు కూర్చుని మాట్లాడినా మేము ఆ మాట దాకా రాలేదు.

ఇక లోపాలు. మొదటిది నన్ను ఇప్పటికీ బాధపెట్టేది. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న ఒకాయన చేత తొలి వారంలోనే దీన్ని నింపించాను. 'ఎడంగా ఉండటం' స్కోరు చాలా ఎక్కువగా వచ్చింది. ఆ స్కోరు మూడు లక్షణాల సగటు; దేనిలోనూ ఆనందం తోచకపోవడం వాటిలో ఒకటి. డిప్రెషన్ చేసే పనే అది! నేను మాత్రం దాన్ని ఆయన స్వభావం అనుకున్నాను, ఆయన భార్యకు అలాగే చెప్పాను కూడా. మందులు పనిచేశాక మూడు నెలలకు మళ్లీ నింపిస్తే ఆ అంకె సగానికి పైగా పడిపోయింది. నిజానికి ఆయన నలుగురిని కూడగట్టుకుని తిరిగే మనిషి. అప్పటినుంచి మనసు కాస్త కుదుటపడే వరకు ఎవరికీ ఈ కాగితాలు ఇవ్వడం లేదు.

రెండోది, దాచి రాసినా అతిగా రాసినా పట్టుకునే కొలమానం ఇందులో లేదు. తన కోపం తనకు కనిపించని మనిషి నిజాయితీగానే 0 చుట్టేస్తాడు. దగ్గరివారు నింపే 218 వాక్యాల పత్రం వేరే ఉంది. వచ్చినవారు ఒప్పుకుంటే దాన్ని తప్పక జత చేస్తాను.

నిడివి కూడా ఎక్కువే. అలసిపోయినవారి చివరి పేజీలో అన్నీ ఒకే అంకె కనిపిస్తే, ఆ పేజీని మరో రోజు నింపిస్తాను. 25 వాక్యాల చిన్న పత్రం ఐదు కోవలను స్థూలంగా చెబుతుంది గానీ విడి లక్షణాలను చెప్పదు. చేత్తో లెక్కవేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: 16 వాక్యాలకు అంకెలు తిరగేయాలి (0ను 3గా, 1ని 2గా, అలా).

ఇతర పత్రాలతో పోల్చాలంటే, ఎం.ఎస్.ఐ.-బీపీడీ అనే ప్రాథమిక పరీక్షా పత్రంలో పదే ప్రశ్నలు, ఏడింటికి అవునంటే లోతుగా చూడాలి. అయితే అది బోర్డర్‌లైన్ (భావోద్వేగాలు, సంబంధాలు నిలకడగా లేని వ్యక్తిత్వ రుగ్మత) ఒక్కదాని గురించే అడుగుతుంది. పి.డి.క్యూ.-4+ అనే, వేర్వేరు వ్యక్తిత్వ రుగ్మతల గురించి అడిగే పత్రంలో 99 వాక్యాలు. అది లేని రుగ్మతను కూడా ఉందని చూపించడం ఎక్కువ. నిర్ధారణ చేయాల్సి వస్తే నేను వీటిలో దేనినీ నమ్ముకోను, ఎస్.సి.ఐ.డి.-5-పీడీ అనే, ప్రశ్నలు ముందే నిర్ణయించి ఉండే ఇంటర్వ్యూ పద్ధతిలో ఎదురుగా కూర్చుని అడుగుతాను, ప్రతి 'అవును'కూ జీవితంలోంచి ఒక సంఘటన చెప్పమంటాను. లక్షణం ఉండటం వేరు, దానివల్ల బతుకు చెదరడం వేరు. ఆ రెండోదాన్ని పి.ఐ.డి.-5 అడగనే అడగదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కొత్తగా మొదలుపెట్టేవారు నింపిన కాగితం చేతికి రాగానే కూడికలకు కూర్చోకుండా, ముందు కొట్టివేతలు ఎక్కడున్నాయో చూడండి. నేను పెన్సిలు, రబ్బరు ఇవ్వడం మానేసి పెన్ను ఇస్తున్నది అందుకే.